మా మామగారి సైకిలు

ఇంటిలోని పాతవస్తువును బాగుచేసికొని వాడుకొనుట మనకు క్రొత్తవిద్య కాదు. చినిగిన చీర బొంతయగును. చిల్లుపడిన యిత్తడిబిందెకు మాటు పెట్టించినచో మరి పదియేండ్లు నీరు మోయును. కాని పాత సైకిలు మాట వచ్చునప్పటికి అది మగవారి వస్తువని తలంచి మనము ప్రక్కకు తొలగుదుము. మేమును నిన్నమొన్నటివరకు అట్లే తలంచితిమి. గడచిన వేసవిలో మా యింట జరిగిన యొక చిన్న వ్యవహారము మా తలంపును మార్చినది. దానిని, మా పొరపాటును గూడ దాచక, ఇచ్చట విన్నవించుచున్నాము.

మాది అనంతపురము జిల్లా కణేకల్ ప్రాంతమునందలి యొక పల్లె. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు ఈ రాయదుర్గము తాలూకా బళ్ళారి జిల్లాలో చేరియుండెను. నేటికిని పెద్ద కొనుగోలు అన్నంతనే మా పెద్దలకు బళ్ళారియే జ్ఞప్తికి వచ్చును. తుంగభద్ర ఎగువకాలువ మా మండలము మీదుగానే పోవుచున్నది. కణేకల్‌లో పెద్ద చెరువును గలదు. అయినను కాలువనీరు అందని మెట్టపొలములకు వానయే దిక్కు. సంవత్సరమునకు సగటున 600 మిల్లీమీటర్లకు లోపే కురియు ఈ జిల్లాలో ఆ దిక్కు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. హగరి యని మేము పిలుచు వేదవతీనది యొడ్డున ఇసుకదిబ్బలు గలవు. ఆషాఢపు గాలికి ఆ యిసుక లేచి పొలముల మీదికిని, బాటల మీదికిని, ఇంట వండిన యన్నములోనికిని వచ్చుచుండును. ఈ యిసుకను కొంచెము జ్ఞప్తియందుంచుకొనుడు. సైకిలు కథలో దీనికి పని గలదు.

మా పల్లెబడి ఏడవ తరగతితో ముగియును. ఉన్నత పాఠశాల ఆరు కిలోమీటర్ల దూరమున కణేకల్‌లో నున్నది. బస్సు వచ్చును గాని బడివేళకు రాదు. ఆటోలో పోయివచ్చుటకు దినమునకు నలుబది రూపాయలు కావలెను. వరుసగా రెండేండ్లు వేరుసెనగ చేతికి రాక, మేము కాడి యెద్దులను అమ్ముకొనియుంటిమి. ఆ వేసవిలోనే మా అమ్మాయి ఏడవ తరగతి ముగించెను. బడి మాన్పింపుడని మా యింట నెవరును అనలేదు. ఆడపిల్లల చదువు తరచుగా అట్లే ఆగిపోవును. ఎవరును వద్దనరు, పోవు దారి మాత్రము ఉండదు.

పశువుల కొట్టపు అటుకమీద, పాత గోనెసంచుల క్రింద, మా మామగారి సైకిలు పడియుండెను. 1949లో మద్రాసునందు వెలసిన టీ.ఐ. సైకిల్స్ సంస్థవారి హెర్క్యులిస్ బండి అది. మామగారు పెండ్లియైన మరుసటియేట బళ్ళారిలో కొనిరట. విత్తనపు మూటలను, అత్తగారిని, పిల్లలనిద్దరిని ఆయన దానిమీద మోసిరి. అందరిని ఒకేసారి గాదు లెండి. ఆయన కాలముచేసి తొమ్మిదేండ్లైనది. అప్పటినుండి దాని నెవరును దింపలేదు. మేము దింపించి చూచునప్పటికి టైర్లు ఎండి పొలుసులూడుచుండెను. గొలుసు బిగుసుకొని కర్రవలె నిలిచెను.

దింపిన దినముననే మా యింటివారు ఇట్లనిరి: "ఎద్దుల్లేవు. కూలికి డబ్బుల్లేవు. నాయన సైకిల్ని గుంటక చేపిస్తే ఈ యేడు కలుపు మనమే తోలుకుంటాం."

సైకిలు గుంటకను చూడని సోదరీమణులకు చెప్పుచున్నాము. పాతసైకిలు ముందు చక్రమును, చేతికఱ్ఱను ఉంచి, చక్రము వెనుక ఇనుప చట్రమునకు ఒక పదునైన పలక బిగింతురు. మనిషి వెనుకనుండి నెట్టుకొని పోవుచుండగా వేరుసెనగ సాళ్ళ నడుమ కలుపు తెగును. ఎద్దులులేని రైతునకు ఇది గొప్ప యాధారము. మహారాష్ట్రములోని జళగాం జిల్లా రైతు గోపాల్ మల్హారీ భీసే ఇట్టి పనిముట్టును సైకిలు భాగములతో చేసి పలువురి మెప్పు పొందెను. కావున మా యింటివారి మాట తప్పని మేము అనలేకపోయితిమి. చేను ఎండినచో ఇంటిలో పొయ్యి వెలుగదు. అమ్మాయి చదువు ఆగినచో పొయ్యి వెలుగును గాని, దాని ముందు కూర్చుండువారు మాత్రము మారరు. సైకిలు ఒక్కటి, అవసరములు రెండు.

ఏమియు తోచక బండిని కణేకల్‌లోని సైకిలుషాపు సాయిబుగారి యొద్దకు చేర్చితిమి. ఆయన వయస్సున పెద్దవాడు. మాట తక్కువ. బండిని తలక్రిందులుగా నిలిపి, ముందు గొట్టపు అతుకు క్రింద రంగు ముడుతపడినదేమో వ్రేలితో తడవి చూచెను. అచ్చట ముడుతయున్నచో బండి ఎప్పుడో దేనినో ఢీకొని చట్రము వంగినదని గురుతు. తరువాత చేతికఱ్ఱ గొట్టమునకు దారము చుట్టి, దాని రెండు కొసలను వెనుక ఇరుసునకు ఇరుప్రక్కల బిగియలాగి, సీటు గొట్టమునకును దారమునకును గల యెడము రెండువైపుల సమముగా నున్నదా యని కొలిచెను. సమముగానే యుండెను. అప్పుడు మావంక తిరిగి యిట్లనెను: "దీని ఎముక గట్టిదక్కా. గుంటకకు దీన్ని చంపొద్దు. గుంటకకు ఒక్క చక్రమూ హ్యాండిలూ చాలు. పాతయినుము అంగట్లో విరిగిన బండి తూకానికి దొరుకుతాది."

ఇంత సులభమైన మాట మాకు తోచనందుకు సిగ్గుపడితిమి. విరిగిన చట్రముగల బండి మున్నూటయేబది రూపాయలకు దొరికెను. మా పల్లె కమ్మరి దానికి పలక బిగించి యిచ్చెను. మా యింటివారి గుంటక అట్లు సిద్ధమయ్యెను. పాతవస్తువును బాగుచేయుటకు పూర్వము, అది ఏ పనికి తగినదో చూచుకొనవలెనని అప్పుడు తెలిసికొంటిమి. విరిగినది చాలుచోట గట్టిదానిని వ్యయపరుపరాదు.

ఇక రెండవ చిక్కు మా అత్తగారి నుండి వచ్చెను. అది మగవారి బండి గనుక సీటునుండి చేతికఱ్ఱ వరకు అడ్డకడ్డీ గలదు. అత్తగారు దానిని చూపి, "ఆడపిల్ల కడ్డీ మీద కాలెత్తి ఎక్కేదేందమ్మీ? చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఆ కడ్డీ కోపించు, లేదంటే బండే వద్దు" అనిరి.

కోయించుట కష్టము గాదని మేము తలంచితిమి. సాయిబుగారు మాత్రము సమ్మతింపలేదు. సైకిలు చట్రమునందు ఆ కడ్డీ, దాని క్రింద ఏటవాలుగా దిగు గొట్టము, సీటు గొట్టము చేరి బిగువైన యాకారము నేర్పరచును. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ బండి తరువాత స్థిరపడిన రూపమిది. నేటికిని అది మారలేదనిన దాని బలమెట్టిదో ఊహించుకొనవచ్చును. పై కడ్డీ తీసివేసినచో గుంతలో పడినప్పుడెల్ల ముందు చక్రపు అదురంతయు క్రింది యొక్క గొట్టమే భరింపవలెను. కొన్ని నెలలకు అది వంగును, లేదా అతుకు పగులును. ఆడువారి బండ్లకు ఆ కడ్డీ లేదు గాని, దానికి బదులు క్రిందుగా రెండవ ఏటవాలు గొట్టము అతికియుందురు. అది చేసినప్పుడే చేయవలసిన పని. వీధిలోని వెల్డింగు మంటకు పాతబండి పలుచని గొట్టము కాలి బలహీనపడును.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పితిమి. దానితోపాటు ఎప్పుడో చదివిన మరియొక సంగతియు చెప్పితిమి. 1991 మొదలు తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతోద్యమముతో బాటు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు తొక్కుట నేర్చిరి. అప్పటి కలెక్టరు శ్రీమతి షీలారాణి చుంకత్ ఆ పనికి అండగా నిలిచిరి. ఆడువారి సైకిళ్ళు చాలక పలువురు మగవారి సైకిళ్ళనే యెక్కిరి. పత్రికారచయిత పి. సాయినాథ్ ఆ జిల్లాను చూచి వ్రాసినదానిలో, కొందరు తల్లులు ఆ యడ్డకడ్డీగల బండియే తమకు మేలనిరని గలదు. కడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చును గదా!

అత్తగారు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "మీ మామ నీ మొగుణ్ణి దానిమీదనే కూర్చోబెట్టుకొని జాతరకు తీసుకుపోయేవాడు" అనిరి. ఒప్పుకొంటినని యామె అనలేదు. కోయింపుమని మరల అనలేదు. మేము దానినే సమ్మతిగా గ్రహించితిమి. ఓణీతో ఎక్కుట కష్టమే గాని బడికి వేసికొని పోవు దుస్తులు చుడీదార్లే గనుక ఆ చిక్కు దానంతట తీరెను. ఇనుమును కోయుటకు బదులు కుట్టుపనితో సరిపోయెను.

పొదుపుసంఘము నుండి నూటికి రూపాయి వడ్డీకి రెండువేలు తీసికొంటిమి. అంగడిలో క్రొత్తబండి ఆరువేల రూపాయలని చెప్పిరి. రెండువేలలో ఏది క్రొత్తది కొనవలెను, ఏది పాతదానినే ఉంచవలెను అను విచారము సంసారస్త్రీకి తెలిసినదే. పండుగకు చీర కొనుటయా, బియ్యము కొనుటయా యన్నట్టిదే గదా! రంగు వేయింపలేదు. మడ్గార్డుల సొట్టలు తీయింపలేదు. గంట పాతదే. తుప్పుపట్టిన చక్రపు అంచులను మేమే ఇంట చింతపండు పులుసుతో తడిపి, కొబ్బరిపీచుతో తోమితిమి. ఇత్తడిపాత్రకు వలెనే చింతపండు పులుపు తుప్పును కరగించును. తోమిన వెంటనే కడిగి, ఎండబెట్టి, నూనెగుడ్డతో తుడువవలెను. లేనిచో మరునాటికి మరల తుప్పు పట్టును.

వ్యయమైన లెక్క యిది. టైర్లు రెండు 640 రూపాయలు, ట్యూబులు రెండు 260, గొలుసు 130, బ్రేకు రబ్బర్లు నాలుగు 60, చక్రపు చువ్వలు ఏడు 35, ఇరుసు గుండ్లు, కోనులు 110, సీటు 220, కూలి 400. వెరసి 1,855 రూపాయలు. పాతసీటుకు పెద్ద స్ప్రింగులుండుటచే అది మిక్కిలి ఎత్తుగా నుండెను. క్రొత్తది పొట్టిది. దానిని గొట్టములోనికి పూర్తిగా దింపినప్పుడు మా అమ్మాయి కాలివ్రేళ్ళు నేలకు తగిలెను. చున్నీ చక్రములో చిక్కుకొనకుండ, ఎర్రగడ్డల సంచి వలను విప్పి, మడ్గార్డు కమ్మీలనుండి ఇరుసువరకు రెండువైపుల కట్టితిమి. దీనికి కానియు ఖర్చు గాలేదు.

పని జరుగుచుండగా మేము ప్రక్కన కూర్చుండి చూచితిమి. ముందు చక్రపు ఇరుసున ప్రక్కకు పదేసి, వెనుక ప్రక్కకు తొమ్మిదేసి గుండ్లుండును. విప్పినప్పుడు గ్రీజుతో కలిసిన మా హగరి యిసుక వెలువడెను. ఇసుక కలిసిన గ్రీజు సానరాతితో సమానము. తిరిగినకొలది ఇనుము నరుగదీయును. ఎడమ పెడలు మర అన్నిటివలె గాక తిరుగుడుగా నుండును. అది తెలియనివారు బిగించితిమనుకొనుచు వదులుచేయుదురు. పండ్రెండంగుళముల కొలబద్దను పాతగొలుసుపై నుంచి, గొలుసు కీళ్ళు ఇరువదినాలుగు దానికి సరిపోవుచున్నవా యని చూడవలెను. అంగుళములో ఎనిమిదవవంతు మించి సాగినచో ఆ గొలుసు పనికిరాదు. మాది అంతకు మించియే సాగియుండెను.

ఇచ్చటనే మేము పొరపడితిమి. గొలుసు మార్చునప్పుడు వెనుకనున్న పళ్ళచక్రమును, అనగా ఫ్రీవీలును గూడ మార్చవలెనని సాయిబుగారు చెప్పిరి. దాని వెల 130 రూపాయలు. చేతిలో మిగిలినది 145. పుస్తకములకు, సంచికి కావలెనని తలంచి, "తిరుగుతున్నది కదన్నా, ఇప్పటికి ఉండనీ" అంటిమి. ఆయన రెండుమారులు చెప్పి ఊరకుండెను.

జూనులో బడి తెరచిరి. మొదటివారము అమ్మాయి పక్కింటి పిల్లతో పందెము వేసికొని పోయివచ్చెను. రెండవవారమున ఒకనాటి సాయంకాలము కాలువగట్టు ఎక్కుచు, బలము చాలక లేచి నిలువబడి తొక్కెను. గొలుసు పళ్ళమీదినుండి ఎగిరి జారెను. కాలు శూన్యములో పడినట్లు దిగిపోయెను. అమ్మాయి గట్టుమీదినుండి ప్రక్కకు పడెను. మోకాళ్ళు చీరుకొని, ఎడమ మణికట్టు వాచెను. ఎముక విరుగలేదని వైద్యులు చెప్పి కట్టు కట్టిరి. అటువైపు పడియుండిన కాలువ నీరుండెను. ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు.

అత్తగారు నింద యేమియు మోపలేదు. సైకిలును తామే గోడవారకు నెట్టి, పైన గోనెసంచి కప్పిరి. మా యింటివారు, "ఇంక చాలు" అనిరి. నూటముప్పది రూపాయలను మిగిల్చి బిడ్డ చదువును గట్టుమీద నిలిపితిమని మేము మాత్రమే ఎరుగుదుము. అయినను మరునాడు నోరువిప్పి చెప్పుటకు ధైర్యము చాలలేదు.

మూడవదినమున అమ్మాయియే గోనెసంచి తీసి, మంచిచేతితో పెడలు త్రిప్పుచు వెనుకకు వంగి చూచెను. "అమ్మా, ఇటు రా" యని పిలిచి, పళ్ళు చూపెను. అవి నిటారుగా నుండవలసినది పోయి, కొడవలి మొనవలె ఒకవైపునకు వంగి యరిగియుండెను. సాగిన పాతగొలుసు ఆ యరిగిన పళ్ళతో కలిసి యరిగినది గనుక ఎట్లో పట్టుకొని తిరిగెను. కొలతతప్పని క్రొత్తగొలుసు వానిమీద కూర్చుండక, బలముగా తొక్కినంతనే ఎగిరెను. అప్పుడు అందరియెదుట మా తప్పును ఒప్పుకొంటిమి. మా యింటివారు కొంచెముసేపు పళ్ళను చూచి, గుంటకమీది మట్టి తుడుచుకొని, బండిని తామే నడిపించుకొని కణేకల్‌కు పోయిరి.

ఈమారు ఫ్రీవీలు మార్చునప్పుడు ఒక మార్పు చేయించితిమి. ముందు పళ్ళచక్రమునకు 44 పళ్ళు, వెనుకదానికి 18 యుండెను. వెనుక 20 పళ్ళది వేయించితిమి. ఒకసారి పెడలు త్రిప్పినప్పుడు వెనుకచక్రము మునుపు సుమారు రెండున్నర చుట్లు తిరుగుచుండగా, ఇప్పుడు రెండుంబావు కంటె కొంచెము తక్కువ తిరుగును. చదునునేలమీద వేగము కొంత తగ్గినను, కాలువగట్టు ఎక్కునప్పుడు కాలికి తేలిక. పెద్దవాని బలమునకు చేసిన బండి పదుమూడేండ్ల పిల్లకు ఇట్లు సరిపడెను. దీనికి 130, కూలి 50. మొత్తము లెక్క 2,035 రూపాయలు తేలెను. మొదటనే చేయించియుండినచో ఏబది రూపాయలును, మణికట్టును మిగిలియుండెడివి.

కావున సోదరీమణులకు మా విన్నపము. పాతబండిని బాగుచేయించునప్పుడు కంటికి కనబడువానియందు పొదుపు చేయుడు. ప్రాణమును మోయువానియందు వలదు. బ్రేకు రబ్బర్లు, టైర్లు, గొలుసు, దానికి జతయగు పళ్ళు, ఇరుసు గుండ్లు అట్టివి. గొలుసును, పళ్ళను భార్యాభర్తలవలె జతగానే చూడవలెను. మా వంటి యిసుకనేలలో గొలుసునకు ధారగా నూనె పోయరాదు, ఇసుక అంటుకొనును. కిరోసిను గుడ్డతో తుడిచి, కీలునకొక చుక్క వేసి, పైన మరల తుడువవలెను. పల్లేరుకాయల కాలమున ప్రతిదినము సాయంకాలము టైర్లమీద చేయి త్రిప్పి ముళ్ళు తీయవలెను. పైకి గ్రుచ్చుకొన్న ముల్లు ఆ దినమే గాలి తీయదు. మరి రెండుమూడు దినములు లోనికి నడచి ట్యూబును చేరును. ఈ పనులన్నియు మా అమ్మాయి ఆదివారము తానే చేసికొనుచున్నది. పంక్చరు వేయుటయు నేర్చినది.

ఒక సైకిలుతో ఆడపిల్ల చదువు నిలుచునా యని అనుమానించువారు గలరు. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నత పాఠశాలలో చేరు బాలికలకు సైకిళ్ళిచ్చుటకు పూనుకొనెను. తరువాత పరిశోధకులు పరిశీలింపగా బడిలో చేరిన బాలికల సంఖ్య హెచ్చినదనియు, బడికి దూరమైన పల్లెలయందే ఆ ఫలము ఎక్కువగా కనబడినదనియు తేలినది. దూరమే అడ్డు గనుక దూరము తగ్గినచోట చదువు సాగినది. మా పల్లెలో మేము చూచినదియు ఇంతకంటె వేరు గాదు.

కట్టు విప్పి అమ్మాయి మరల బడికి బయలుదేరిన దినమున ఒక వింత చూచితిమి. సైకిలు అడ్డకడ్డీకి ఈకొసనుండి ఆకొసవరకు పాత నేతచీర పీలికలు బిగువుగా చుట్టియుండెను. అది అత్తగారి చీర. మా చూపు గమనించి యామె, "ఎండకు ఇనుము కాలుతాదమ్మీ. పిల్లోణ్ణి గూడ కూర్చోబెట్టుకుంటాది కదా" అనిరి. మా చిన్నవాడు ఆ దినముననే దానిమీద ఎక్కి, వీధిచివరి వరకు పోయివచ్చెను.

సంఘమునకు ఇంక నాలుగు వాయిదాలు చెల్లింపవలసియున్నవి. మా వీధిలో మరి ఇద్దరు తల్లులు తమ యటుకలు వెదకుచున్నారు. వారిలో ఒకరికి దొరకిన బండి చట్రము వంగినది. దారము పట్టి చూచి, అది గుంటకకే తగునని చెప్పినది మా అమ్మాయియే.